తోటలో మోకరించిన స్త్రీ

1942వ సంవత్సరము మార్చి నెలలో లండను పట్టణమందలి నేషనల్ గ్యాలరీ అను చిత్రశాలలో ఒకే ఒక పటము ప్రజలు చూచుటకై పెట్టబడెను. ఆ చిత్రశాల చిన్నది కాదు. ఐరోపా దేశములలోని గొప్ప చిత్రకారుల పటములు అక్కడ గదులనిండ ఉండెడివి. ఇప్పుడు గోడలన్నియు బోసిపోయి యున్నవి. ఆ బోసి గోడల నడుమ ఈ ఒక్క పటమును చూచుటకు జనులు గుంపులుగా వచ్చిరి. ఆ పటములో ఒక తోట యున్నది. ఆ తోటలో ఒక స్త్రీ మోకరించి యున్నది. ఆమె యెదుట మన ప్రభువు నిలిచి యున్నాడు. యోహాను సువార్త 20వ అధ్యాయము ఎరిగిన చదువరులకు ఆ స్త్రీ ఎవరో చెప్పనక్కరలేదు.

ఆకాశమునుండి ఎప్పుడు బాంబులు పడునో తెలియని పట్టణములో, రొట్టెకును మాంసమునకును వరుసలలో నిలుచుండు దినములలో, జనులు ఈ పటమునే ఎందుకు చూడగోరిరి? దీనికి ఉత్తరము పటములోనే యున్నదని నా అభిప్రాయము. అయితే ముందుగా ఆ గోడలు ఎట్లు బోసిపోయెనో కొంత చెప్పవలెను.

రెండవ ప్రపంచ యుద్ధమును బ్రిటను 1939 సెప్టెంబరు 3వ తేదీన ప్రకటించెను. దానికి పదకొండు దినములు ముందే, ఆగస్టు 23న, చిత్రశాల తలుపులు మూసి పటములను దింప నారంభించిరి. రైళ్లమీదను లారీలమీదను వాటిని పడమటనున్న వేల్సు ప్రాంతమునకు పంపిరి. యుద్ధము ప్రకటింపబడునాటికి ఆ పని ముగిసెను. మొదట వాటిని కోటలలోను కళాశాలలలోను ఉంచిరి. 1940లో ఫ్రాన్సు దేశము శత్రువు చేతిలో పడిన తరువాత వేల్సు కూడ క్షేమమైన చోటు కాకపోయెను. పటములను ఓడలమీద కెనడాకు పంపుదుమా అని పెద్దలు ఆలోచించిరి. ప్రధానమంత్రి చర్చిల్ అందుకు ఒప్పుకొనలేదు. గుహలలో దాచినను నేలమాళిగలలో దాచినను సరే, ఒక్క పటమైనను ద్వీపము విడిచి పోరాదని ఆయన ఆజ్ఞాపించెను.

అప్పుడు ఉత్తర వేల్సులో మానోడ్ అను కొండలో ఒక పలకరాతి గనిని చూచిరి. పూర్వము మన పిల్లలు బడికి తీసికొనిపోయిన పలకలు ఏ రాతితో చేయబడెనో అట్టి రాతి గనియే అది. దాని ద్వారము చిన్నదైనందున మందుగుండు పెట్టి పెద్దది చేసిరి. ఒక రాజు గుఱ్ఱమెక్కియున్న పటము పండ్రెండడుగుల ఎత్తు గలది. దానిని తీసికొనిపోవుటకు దారిలో ఒక రైలు వంతెన అడ్డమాయెను. వంతెనను ఎత్తలేరు గనుక దాని క్రిందనున్న రోడ్డునే లోతుగా త్రవ్విరి. కొండ గర్భములో ఇటుకలతో గదులు కట్టి, చెమ్మ తగులకుండ వెచ్చని గాలి పెట్టి, 1941లో పటములన్నిటిని అందులో చేర్చిరి. దేశమంతయు తిండికిని ఆయుధములకును కష్టపడుచుండగా గుడ్డమీద పూసిన రంగులకొరకు ఇంత శ్రమ పడిరి. అది వృథా ఖర్చని అనుకొనువారు ఆ దినములలోను ఉండి యుందురు.

వేల్సు కొండలో పటములు భద్రముగా నుండగా లండనులో మనుష్యులు భద్రముగా లేరు. 1940 సెప్టెంబరు 7వ తేదీనుండి 57 రాత్రులు వరుసగా ఆ పట్టణముమీద బాంబులు పడెను. 1941 మే వరకు సాగిన ఆ దాడులలో బ్రిటనులో 40,000 మందికి పైగా పౌరులు చనిపోయిరి. వారిలో ఇంచుమించు సగము మంది లండను వారే. చిత్రశాలమీదనే తొమ్మిది మారులు బాంబులు పడెను. పటములు అక్కడనే యుండినయెడల ఎన్ని బూడిదయ్యెడివో!

అయినను ఆ శాల పూర్తిగా మూతపడలేదు. మైరా హెస్ అను యూదురాలు, పియానో వాద్యములో ఆరితేరినది, 1939 అక్టోబరు నుండి పనిదినములలో మధ్యాహ్న భోజనవేళ అక్కడ సంగీత సభలు జరిపించెను. ప్రవేశ రుసుము ఒక షిల్లింగు. దాడులు ముమ్మరమైనప్పుడు నేలమాళిగలో జరిపిరి గాని మానలేదు. ఆమె మొదటి సభలోనే జర్మను దేశస్థుడైన బీథోవెన్ కూర్చిన సంగీతమును వాయించెను. శత్రు దేశపు సంగీతము మనకు వద్దని అక్కడ చేరినవారు అనలేదు. ఆరున్నర సంవత్సరములలో 1,600లకు పైగా సభలు జరిగెను. ఇది మన విషయమునకు కొంచెము ప్రక్కనున్నది గాని విడిచిపెట్టుటకు మనసొప్పలేదు.

1942 జనవరిలో ఒకరు టైమ్స్ పత్రికకు ఒక ఉత్తరము వ్రాసిరి. చిత్రశాలవారు కొత్తగా రెంబ్రాంట్ అను చిత్రకారుడు వ్రాసిన ఒక వృద్ధురాలి పటమును కొని చూపించి యుండిరి. దానిని చూచిన ఆ ఉత్తరకర్త, లండను ముఖము గాయపడియున్న ఈ కాలములోనే అందమైనవాటిని చూచుట మరి ఎక్కువ అవసరమనియు, గనిలోనున్న పటములలో ఒకదానినైనను తెచ్చి చూపవలెననియు అడిగెను. చిత్రశాల అధికారి కెన్నెత్ క్లార్క్ ఆ మనవిని అంగీకరించెను. నెలకొక్క పటమును గనినుండి తెప్పించుటకును, పగలు చూపి రాత్రి నేలమాళిగలో దాచుటకును ఏర్పాటు చేసెను. పోయినయెడల ఒక్కటే పోవును.

అయితే మొదట ఏది తేవలెను? ఆ శాలలో రాజుల పటములు కలవు, ఓడల పటములు కలవు, ఇంగ్లండు దేశపు పంటపొలముల పటములు కలవు. ప్రజలు కోరినది ఇవేవియు కావు. ఇటలీలోని వెనిస్ పట్టణపు చిత్రకారుడు టిషియన్ సుమారు 1514లో వ్రాసిన ఈ తోట పటమునే కోరిరి. దాని పేరు లాటిను భాషలో ‘నోలి మే తాంజెరే’. నన్ను ముట్టకు అని దాని అర్థము.

పటము పెద్దది కాదు. ఎత్తు మూడున్నర అడుగులకు కొంచెము ఎక్కువ, వెడల్పు మూడడుగులు. తెల్లవారుచున్న వేళ. దూరమున కొండలు నీలముగా కనబడుచున్నవి. ఒక ప్రక్క గట్టుమీద పల్లె ఇండ్లు కలవు. వెనుక గొఱ్ఱెలు మేయుచున్నవి. నడుమ ఒక పొడవైన చెట్టు ఆకాశములోనికి లేచి యున్నది. ముందు భాగములో మగ్దలేనే మరియ ఎఱ్ఱని వస్త్రము ధరించి, జుట్టు విడిపోయి, నేలమీద మోకాళ్లూని యున్నది. ఒక చేయి అత్తరుబుడ్డి మీద ఉన్నది. రెండవ చేయి ప్రభువు వైపు చాపబడి యున్నది. ప్రభువు చేతిలో పొడుగు కఱ్ఱ గల పార యున్నది, తోటమాలి చేతిలో ఉండునట్టిది. ఆయన ఒంటిమీద తెల్లని వస్త్రము తప్ప మరేమియు లేదు. ఆమె చేయి తగులకుండ ఆ వస్త్రపు అంచును ఆయన తనవైపు లాగుకొనుచున్నాడు.

పటములో అందరును మొదట చూచునది ఆ లాగుకొనుటయే. చూపు అక్కడనే ఆగిపోయినయెడల పటము సగమే చదివినట్లు. వస్త్రమును వెనుకకు లాగుచున్న ఆ దేహమే ముందుకు వంగి యున్నది. పైకి లేచు వృక్షము వలె నిలువక, పిల్ల వాని మాట వినుటకు తండ్రి వంగునట్లు ఆయన నడుము నుండి ఆమె మీదికి వంగి, ఆమె ముఖములోనికి చూచుచున్నాడు. చేయి ఒక మాట చెప్పుచున్నది, దేహము మరియొక మాట చెప్పుచున్నది. టిషియన్ ఈ రెండు మాటలను ఒక్క మనిషిలో పెట్టెను. ఈ వాక్యభాగమునకు ఇంతకంటె మంచి వ్యాఖ్యానమును నేను పెద్ద పుస్తకములలో కూడ ఎక్కువగా చూడలేదు.

పటములను గూర్చి మన సంఘములలో కొందరికి జంకు కలదు. అది మంచి జంకే. పటమునకు మ్రొక్కుట వేరు, పటమును చదువుట వేరు. చదువునప్పుడు లేఖనమును ప్రక్కన పెట్టుకొని చదువవలెను. అట్లు చదివిన పల్లెటూరి పెద్ద ఎవడైనను ఇక్కడ ఒక తప్పు పట్టగలడు. సమాధి బట్టలు సమాధిలోనే విడువబడియుండెనని యోహాను స్పష్టముగా వ్రాసెను గదా, ఈ తెల్లని వస్త్రము ఎక్కడిది? పార యెక్కడిది? మరియ ఆయనను తోటమాలి అనుకొనెనని మాత్రమే సువార్తలో ఉన్నది. ఆయన చేతిలో పనిముట్టు ఉన్నదని లేదు. నిజమే. చిత్రకారుడు మరియ అనుకొనినదానిని మనకు కనబడునట్లు వ్రాసెను. ఆమె కన్నీళ్లలోనుండి చూచిన తోటమాలియు, మనము ఎరిగిన ప్రభువును ఒకే బొమ్మలో ఉండవలెనన్నయెడల అతనికి వేరు మార్గము లేదు.

ఇప్పుడు ఆ మాటకు వత్తము. ముట్టవద్దు అను మాట మన పల్లెలలో తేలికగా వినబడు మాట కాదు. తరతరములుగా బావియొద్దను గుడియొద్దను దొరల వాకిటను ఆ మాట విని తల వంచుకొని తిరిగి వచ్చినవారి సంతానము మన సంఘములలో అనేకులు కలరు. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణములో అస్పృశ్యతను రద్దు చేసెను. 1955లో దానిని శిక్షించు చట్టము కూడ వచ్చెను. అయితే చట్టము మారినంత త్వరగా చెవి మారదు. పునరుత్థాన దినమున గుడిలో ఈ భాగము చదువబడునప్పుడు వెనుక వరుసలో కూర్చున్న ఏ ముసలమ్మయో, “అయ్యో, ఆయన కూడ ఆ మాటే అనెనా!” అని లోలోపల అనుకొనదని ఎవరు చెప్పగలరు? బోధకులు ఈ వచనమును త్వరగా దాటిపోవుదురు గాని దాటిపోకూడదు.

అదే అధ్యాయములో మరి కొన్ని వచనముల తరువాత, ఎనిమిది దినములు గడచిన పిమ్మట, అదే ప్రభువు తోమాను పిలిచి తన గాయములలో వ్రేలు పెట్టి చూడుమనెను. మత్తయి సువార్త 28వ అధ్యాయములో స్త్రీలు ఆయన పాదములు పట్టుకొనిరి, ఆయన వారిని గద్దింపలేదు. కుష్ఠరోగిని తానే ముట్టినవాడు, రక్తస్రావముగల స్త్రీ తన వస్త్రపు చెంగు ముట్టినప్పుడు ఆమెను కుమారీ అని పిలిచినవాడు, ఇప్పుడు మరియ చేతివలన మైలపడునని భయపడునా? గ్రీకు భాషలో యోహాను వాడిన క్రియకు ముట్టుట అనియు, పట్టుకొని వ్రేలాడుట అనియు రెండు అర్థములు కలవు. ఆ వాక్యము కట్టబడిన రీతిని బట్టి, జరుగుచున్న పనిని ఇక చాలింపుమని చెప్పుట అని పండితులలో అనేకులు గ్రహించుచున్నారు. అనగా, నన్ను పట్టుకొని ఇక్కడనే ఉండిపోకుము అని భావము. వెంటనే ఆయన ఆమెకు ఒక పని చెప్పెను: తన సహోదరులయొద్దకు వెళ్లి తెలుపవలెను. అంటరానిదానివని ఒకరిని వాకిట నిలుపువాడు ఆమె చేతికే తన మొదటి వర్తమానమును ఇచ్చి పంపడు గదా.

టిషియన్ గ్రీకు చదివెనో లేదో గాని, ఈ భావమునకు అతడు ఒక్కసారిగా రాలేదు. పటమును ఎక్సురే తీసి చూచినప్పుడు పైరంగుల క్రింద మొదట వ్రాసిన బొమ్మ ఛాయ బయలుపడెను. మొదటి బొమ్మలో ప్రభువు తలమీద తోటమాలి టోపీ యున్నది. దానికంటె ముఖ్యమైన సంగతి, అందులో ఆయన మరియ వైపు వంగలేదు. ఆమెనుండి ప్రక్కకు తిరిగి వెళ్లిపోవుచున్నట్లు ఉన్నాడు. ముట్టవద్దన్నాడు గనుక వెళ్లిపోవుచుండెనని ఇరువదియైదేండ్ల చిత్రకారుడు మొదట అనుకొనెను కాబోలు. మనమును అట్లే అనుకొందుము. తరువాత అతడు తన పనిని చూచి, ఇది కాదని, టోపీని చెరిపివేసి, దేహమును త్రిప్పి, వెనుకనున్న ప్రదేశమును కూడ మార్చి, ఆయనను ఆమె మీదికి వంచెను. ఎండిన రంగుమీద మరల రంగు పూసి దిద్దిన ఆ దిద్దుబాటే ఈ పటమునకు ప్రాణము. 1942లో దానియెదుట నిలిచినవారి కంటికి ఆ మొదటి బొమ్మ కనబడలేదు. వారు చూచినది అతని రెండవ ఆలోచనను.

ఇది యుద్ధకాలములో చూపబడిన పటము మాత్రమే కాదు, యుద్ధకాలములో వ్రాయబడిన పటము కూడ. వెనిస్ నీళ్లమీద కట్టబడిన పట్టణము. 1508 నుండి 1516 వరకు ఆ పట్టణము ఫ్రాన్సు రాజుతోను జర్మను చక్రవర్తితోను స్పెయిను సైన్యములతోను, కొంతకాలము రోములోని పోపుతోను యుద్ధము చేయవలసి వచ్చెను. 1509 మే 14న అగ్నదెల్లో అనుచోట దాని సైన్యము చెదరిపోయెను. నేలమీద దానికున్న రాజ్యము కొద్ది వారములలోనే ఇంచుమించు అంతయు చేజారెను. టిషియన్ పుట్టిన కాదోరె కొండ ప్రాంతమున 1508లోనే పోరు జరిగి యుండెను. 1510లో తెగులు వచ్చి అతని తోటి చిత్రకారుడు జోర్జోనె యౌవనములోనే మరణించెను. 1513లో శత్రువులు నీటి యొడ్డు వరకు వచ్చి ఫిరంగులు పేల్చిరి. ఆ సంవత్సరమే మే నెలాఖరున టిషియన్ వెనిస్ పెద్దలకు ఒక విన్నపము పెట్టుకొనెను. వారి సభామందిరములో ఒక యుద్ధ పటమును వ్రాసెదనని అందులో అడిగెను.

ఆ యుద్ధ పటమును అతడు 1538లో గాని ముగింపలేదు. ఇరువదియైదు సంవత్సరములు! చుట్టును యుద్ధము రేగుచుండగా వ్రాసిన తోట పటములో మాత్రము ఎక్కడను ఒక సైనికుడు లేడు. గుఱ్ఱముల డెక్కల క్రింద ఏ పొలములు నలుగుచుండెనో ఆ పొలములే, ఏ గట్లమీది ఇండ్లు కాలిపోవుచుండెనో ఆ ఇండ్లే ఇందులో చెక్కుచెదరక ఉన్నవి. గొఱ్ఱెలు భయము లేక మేయుచున్నవి. ఇది కష్టమును ఎరుగనివాడు వ్రాసిన శాంతి కాదు. ఇక, ఆ యుద్ధ పటము 1577లో సభామందిరమునకు నిప్పంటుకొనినప్పుడు కాలిపోయెను.

మరియ చేతిక్రిందనున్న అత్తరుబుడ్డిని గూర్చి ఒక మాట. ఆమె పాపాత్మురాలైన స్త్రీ అనియు, లూకా 7వ అధ్యాయములో ప్రభువు పాదములకు అత్తరు పూసినది ఆమెయే అనియు చాలమంది అనుకొనుచున్నారు. సువార్తలలో ఆ మాట ఎక్కడను లేదు. ఏడు దయ్యములు వదలిన స్త్రీ అని లూకా 8వ అధ్యాయము చెప్పుచున్నది, అంతే. 590 ప్రాంతమున రోములో పోపుగా నుండిన గ్రెగరీ తన ప్రసంగములో ముగ్గురు స్త్రీలను ఒక్కరిగా కలిపి చెప్పినందున పడమటి సంఘములలో ఆ తలంపు వేరు పారెను. చిత్రకారులందరు ఆమె చేతికి అత్తరుబుడ్డినిచ్చి జుట్టు విరబోసిరి. రోమను సంఘము 1969లో తన పంచాంగమును సవరించినప్పుడు ఆ కలుపుటను విడిచిపెట్టెను. పదునాలుగు వందల ఏండ్లు ఒక స్త్రీ మంచి పేరు చెడియుండుట చిన్న సంగతి కాదు. అయితే మార్కు సువార్త 16వ అధ్యాయములో ఆమె ప్రభువు దేహమునకు పూయుటకు సుగంధ ద్రవ్యములు కొనెనని ఉన్నది గనుక, ఈ పటములో ఆ బుడ్డికి చోటు కలదు. ఆమె చచ్చినవానికొరకు వచ్చెనని అది గురుతు చేయుచున్నది.

అదే గ్రెగరీ తోటమాలిని గూర్చి చెప్పిన మాట మాత్రము చాల శ్రేష్ఠమైనది. మరియ పొరపాటుపడియు పొరపాటు పడలేదని ఆయన బోధించెను. ఏలయనగా ఆమె హృదయములో విత్తనము వేసి పెంచినవాడు ఆయనే, కనుక ఆయన తోటమాలియే. గ్రెగరీ ఈ ప్రసంగములు చేయు దినములలో రోము పట్టణములో తెగులు పారుచుండెను, లోంబార్డుల సైన్యముల భయము చుట్టుకొని యుండెను. తోట కథను యుద్ధ దినములలో చదువుట లండనువారు కనిపెట్టిన పని కాదని దీనివలన తెలియుచున్నది. పొలము పని ఎరిగిన మనకు టిషియన్ వ్రాసిన ఆ పార ఒక ఆదరణ. మరణమును జయించి లేచిన ప్రభువు చేతిలో రాజదండము వ్రాయుటకు అతనికి అడ్డమేమున్నది? పనివాని పారనే వ్రాసెను.

ఇక 1942 మార్చి నెలలోని ఆ జనులను తలంచుకొందము. మూడు నెలల క్రిందట, 1941 డిసెంబరు 10న, మలయా సముద్రములో రెండు పెద్ద యుద్ధనౌకలు మునిగి 800 మందికి పైగా నావికులు నీటిపాలైరి. వారికి సమాధులు లేవు. ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయెను. అక్కడ చెరపట్టబడిన బ్రిటిషు, ఆస్ట్రేలియా, హిందూదేశపు సైనికులు వేలకు వేలు. వారిలో ఎవరు బ్రదికిరో ఎవరు చనిపోయిరో నెలల తరబడి ఇండ్లకు సమాచారము లేదు. కనబడుటలేదు అను ఒక్క మాట గల తంతి చేతపట్టుకొని తల్లులును భార్యలును ఎదురుచూచుచుండిరి. మార్చి 8న రంగూను పోయెను. ఆ పట్టణములో కూలిపని చేసికొని బ్రదుకుచుండిన మన తెలుగువారు అంతకుముందే గుంపులు గుంపులుగా అడవిదారిని నడిచి స్వదేశమునకు బయలుదేరి యుండిరి. దారిలో కూలిపోయినవారి గోతులు ఎక్కడెక్కడ ఉన్నవో వారి బిడ్డలకు కూడ తెలియదు.

ఇట్టి కాలములో ఒక స్త్రీ తోటలోనికి వచ్చి అడిగిన ప్రశ్న ఏమి? తన ప్రభువు దేహమును ఎక్కడ ఉంచిరో చెప్పుడి, నేను తీసికొనిపోవుదునని ఆమె బ్రతిమాలుకొనెను. ఆమె అద్భుతమును అడుగలేదు. చనిపోయినవాని శరీరము దొరికినచో చాలునని అడిగెను. నీటిలో మునిగిన కుమారుని తల్లి కూడ అంతే అడుగును. పాతిపెట్టుటకు దేహము లేని దుఃఖము మిగిలిన దుఃఖములకంటె మొండిది. అది ఎక్కడ కూర్చుని ఏడ్వవలెనో తెలియని దుఃఖము. లండనులో ఆ ఒక్క పటమును కోరినవారందరి మనస్సు చదువుట నా తరము కాదు. కొందరు రంగుల అందముకొరకే వచ్చియుందురు. అయితే చాపిన చేయి ఒకటి పటము నడుమ ఉన్నది. ఆ చేతికి అందవలసినది ఒక జానెడు దూరములో ఆగిపోయి యున్నది. అట్టి చేయి తమకును ఉన్నదని ఎరిగినవారు ఆ గుంపులో కొందరే యుండరు.

ఆ జానెడు దూరమును టిషియన్ మూసివేయలేదు. మూసివేసినచో పటము సుఖముగా నుండెడిది, అబద్ధముగా కూడ నుండెడిది. పోయినవారిని మనము ఈ లోకములో మరల పట్టుకొనలేము. ఓదార్చుటకు వచ్చిన బంధువులు ఆ సంగతిని కప్పిపెట్టి మాటలాడుదురు, మరునాటికి ఆ మాటలు చప్పబడిపోవును. పటము అట్లు కప్పిపెట్టలేదు. చేయి అందలేదు, అది నిజము. అందని ఆ చేతిమీదికి ఆయన వంగియున్నాడు, అదియు నిజము. మరియను పేరు పెట్టి పిలిచినవాడు ఆయన. పేరు వినిన వెంటనే ఆమె రబ్బూనీ అని పలికి ఆయనను గుర్తుపట్టెను. చేతికి దొరకకముందే చెవికి దొరికెను.

ఆ సంవత్సరము పునరుత్థాన పండుగ ఏప్రిల్ 5న వచ్చెను. ఆ ఆదివారము ఉదయమే జపాను విమానములు కొలంబోమీద బాంబులు వేసెను. మరునాడు, 6వ తేదీన, మన విశాఖపట్టణముమీదను కాకినాడమీదను బాంబులు పడెను. ముందునాడు తోటను గూర్చియు ఖాళీ సమాధిని గూర్చియు పాడిన సంఘములు ఆ సోమవారము మూటలు కట్టుకొని లోపలి గ్రామములకు పరుగెత్తిన జనులలో ఉండెను. ఆ పటమును గూర్చి వారికి ఏమియు తెలియదు. ఆ అధ్యాయము మాత్రము తెలియును.

మరియ లేచి వెళ్లుటను టిషియన్ వ్రాయలేదు. అయిదు వందల ఏండ్లుగా ఆమె ఆ పటములో మోకాళ్లమీదనే యున్నది. శిష్యులయొద్దకు పోయి తాను ప్రభువును చూచితినని చెప్పుట 18వ వచనములో ఉన్నది, అది చదువుటకు సువార్తనే తెరువవలెను. ఆమె చెప్పినదానిని అప్పుడే శిష్యులు నమ్మలేదని మార్కు సువార్త చెప్పుచున్నది. స్త్రీ తెచ్చిన కబురు గదా అని మగవారు తీసిపారవేయుట మన కాలములో పుట్టిన వాడుక కాదు.

యుద్ధము ముగియువరకు చిత్రశాలవారు నెలకొక్క పటమును గనినుండి తెచ్చి చూపుచునే యుండిరి. ఐరోపాలో యుద్ధము ముగిసిన 1945 మే నెలలోనే సుమారు 50 పటములతో శాలలో కొంతభాగము తెరువబడెను, ఆ సంవత్సరాంతమునకు మిగిలినవి కూడ తిరిగి వచ్చెను. టిషియన్ పటము శామ్యూల్ రోజర్స్ అను ఇంగ్లీషు కవి మరణశాసనమువలన 1856లో ఆ శాలకు చేరినది, నేటికిని ఆ శాలదే. అక్కడి పటములను చూచుటకు రుసుము లేదు. ఈ పటపు నకళ్లు అచ్చుపుస్తకములలోను పండుగ కార్డులమీదను దొరకుచున్నవి. సండేస్కూలు పిల్లలకు చూపువారు మొదట వస్త్రము పట్టుకొన్న చేతిని చూపి, వెంటనే ఆ నడుము ఎటు వంగియున్నదో పిల్లలనే చెప్పుమనవలెను.